తులంన్నర

ఆర్విడ్ వంటగది బల్ల మీద మైనపుగుడ్డ పరిచి
మూడు గుండ్లు నిలబెట్టాడు, పొట్టిదాని నుంచి పొడుగుదాకా.
రాగి తొడుగు, లోపల సీసం.
"చెయ్యి చాపు వెర్నా, కళ్లు మూసుకో.
నావి ఎలాగూ మూసుకుపోతున్నాయి,
నీకూ కాస్త తెలియాలిగా."

గొర్రెకి ఇంత తుపాకీ ఏమిటని
నబెస్నా రోడ్డు పొడుగునా నవ్వేవాళ్లే.
ఆయనకి ఉన్నది ఒక్కటే తుపాకీ.
ఇంట్లో ఒకే గరిటె ఉంటే
గంజికీ అదే, కూరకీ అదే.
వాగు దగ్గర ఎలుగుకి, మంచులో మూస్‌కి,
ఆగస్టులో పైనున్న తెల్ల పొట్టేలుకి.

మొదటి గుండు రెండువందల ముప్పై ఐదు గింజలు.
సీసాన్ని ఇక్కడ గింజల్లో తూస్తారు,
ఎప్పుడో ఎవరో బార్లీ గింజలు పెట్టి తూచారట,
బార్లీ పోయింది, మాట మిగిలింది.
అరచేతిలో ఉందో లేదో అన్నట్టుంది.
"దుడుకుది అది. లోయ దాటేదాకా నేలవైపు చూడదు.
ఎముక తగిలిందా, కంగారుపడిపోతుంది."

చివరిది మూడువందలు.
చల్లగా, అరచేతి గుంటలోకి దిగబడింది.
"అది ఎలుగుకి. భుజం విరిచి అవతలికి వెళుతుంది.
దూరం పంపావంటే మాత్రం
మోపు ఎత్తుకున్నవాడిలా వంగిపోతుంది."

మధ్యదాని గురించి ఆయనేం చెప్పలేదు.
రెండువందల డెబ్భై. తులంన్నర.
నలభై ఏళ్లుగా ఆయన నోటుపుస్తకంలో
పొట్టేళ్లన్నీ ఆ అంకె పక్కనే పడి ఉన్నాయి.

నేను దుడుకుదాన్నే తీసుకున్నాను.
కంకర గుంటలో గురి చూసుకున్నాను, రెండువందల గజాలు,
కాఫీ డబ్బా మూత మీద మూడు చిల్లులు
ఒకదాన్నొకటి ఒరుసుకుంటూ.
అయినా వెళ్లే ముందు ఆయనకి చెప్పకుండా
జేబులో రెండు మూడువందలవి వేసుకున్నాను.
"ఒక తుపాకీలో రెండు బుద్ధులు పెట్టకు,
గొట్టానికి నువ్వు ఏది తలుచుకున్నావో తెలీదు"
అని ఆయన గుమ్మంలో అన్నాడు,
జేబు చూశాడో, లేదో.

తెల్లవారకముందే వాగు దాటాను.
విల్లో పొదల్లో పేడ, ఇంకా ఆవిరి వస్తూ,
నిండా నీలం పళ్ల తొక్కలు.
ఆ పొదల్లో నా చేతులు వాటంతటవే బోల్టు తీశాయి,
పొడుగుదాన్ని లోపల పెట్టాయి.
ఈల వేసుకుంటూ నడిచాను,
నాకు ఈల రాదు.

తర్వాత రాళ్లు. అడుగు పైకి, అరడుగు కిందికి.
బెల్టు భుజాన్ని కోస్తోంది.
మధ్యాహ్నానికి శిఖరాల మీద కొత్త మంచు,
పిండి జల్లెడ పట్టినట్టు.
అక్కడ పొట్టేలు, ఎండకి కళ్లు మూసుకుని,
నెమరేస్తూ.
దుర్భిణీలో కొమ్ము మీద గీతలు లెక్కపెట్టాను.
తొమ్మిది చలికాలాలు.
మళ్లీ లెక్కపెట్టాను, పదేమో.

రెండువందల ఎనభై గజాలు. ఊపిరి సగం వదిలి నొక్కాను.
పొట్ట కింద జానెడు దిగువన
రాయి తెల్లగా పొగ కక్కింది.
పొట్టేలు లేచింది, నావైపు చూసింది,
ధర నచ్చని బేరగాడిలా
తొందరేం లేకుండా అంచు దాటి వెళ్లిపోయింది.

జానెడు.
విల్లో పొదలు అప్పుడు గుర్తొచ్చాయి.
బోల్టు లాగితే ఖాళీ తొడుగు
రాళ్ల మీద టింగుటింగుమంటూ
చాలాసేపు దొర్లింది.
ఎలుగు మటుకు
ఆ రోజంతా ఎక్కడా కనపడలేదు.

రాత్రి పదకొండుకి తలుపు తట్టాను.
బంగాళాదుంపలు ఉడుకుతున్నాయి,
ఇద్దరికి సరిపడా.
నా వీపు సంచీ కింద పడిన చప్పుడు విన్నాడు.
మాంసం బరువుతో పడితే చప్పుడు వేరేగా ఉంటుంది,
దానికి కళ్లు అక్కర్లేదు.
"ఎన్ని గీతలు?"
"తొమ్మిది. పది కావచ్చు."
"మంచిది. ఇంకో ఏడాది బతుకుతుంది."

జేబులో మిగిలిన పొడుగుదాన్ని బల్ల మీద పెట్టాను.
వేలితో తడిమి చూసి, ఏమీ అనలేదు.
నోటుపుస్తకం దగ్గరికి లాక్కుని,
కాగితం ముక్కుకి ఆనించి,
వంకరటింకరగా రాశాడు:
వెర్నా. మూడువందలు. రాయి ఒకటి.

ఆ తర్వాత ఉప్పు అటు జరపమన్నాడు.